పులుసులో మునిగినా ముక్క ఎండిపోతుందెందుకు?

ఆదివారం పొద్దున సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో మాంసం కొట్టు ముందు నిలబడితే ఎక్కువగా వినిపించే మాట ఇదే: "అన్నా, ముక్కలు జర చిన్నగ కొట్టు." మేకైనా పొట్టేలైనా పందైనా మొద్దు మీద కత్తి పడే తీరు మారదు. వెన్నుపక్క కండ, జబ్బ, తొడ, పక్కటెముకలు, తోలు, కొవ్వు అన్నీ ఒకే సైజు ముక్కలై ఒకే కవర్లో పడతాయి. ఇంటికొచ్చాక అన్నీ ఒకే కుక్కర్లో, ఒకే అల్లం ఎల్లిగడ్డ ముద్దతో, అన్నే సీటీలు ఉడుకుతాయి. తినేటప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే జారిపోతుంది. ఇంకొకటి అదే గిన్నెలోంచి అదే పులుసు కారుతూ వచ్చినదే, నమిలేకొద్దీ పీచుపీచుగా విడిపోయి, మింగడానికి మంచినీళ్లు అడుగుతుంది.

గంటసేపు నీళ్లలో ఉన్న వస్తువు ఎండిపోవడమేమిటి?

ఈ ప్రశ్న పంది చాప్స్ దగ్గర మరీ గట్టిగా ఎదురవుతుంది. వెన్నెముకకు అటూ ఇటూ మెడ నుంచి నడుము దాకా సాగే పొడవాటి కండను బొక్కతో సహా అడ్డంగా కోస్తే వచ్చే బిళ్లే చాప్. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు అది ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరికే సరుకు. ఇక్కడా ఫ్రీజర్ ప్యాకెట్లలో కనిపిస్తోంది. మన ప్రాంతంలో పంది మాంసం అందరిళ్లలోకీ రాదు. వచ్చే ఇళ్లలో మాత్రం అది కూరగానే వస్తుంది. చాప్‌ను తెచ్చి కూర లెక్కన వండినవాళ్లు "ఇదేం మాంసం, కట్టె ముక్క" అని వదిలేస్తారు. తప్పు మాంసానిదీ కాదు, వండినవాళ్లదీ కాదు. వేరే ముక్క కోసం పుట్టిన పద్ధతిని దీనికి వాడారు, అంతే. పంది ముట్టనివాళ్లు ఈ వ్యాసంలో పంది అన్నచోటల్లా మటన్ చాంప్ అని చదువుకోవచ్చు, పురుగు గురించిన భాగం తప్ప దాదాపు అంతా వర్తిస్తుంది.

పిడికిట్లో తడిబట్ట

కొవ్వు తీసేసిన పచ్చి మాంసంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. ఆ నీరు సంచిలో పోసినట్టు ఉండదు. కండ అంటే వెంట్రుకల్లాంటి సన్నటి నారల కట్ట. ఒక్కో నారలో మళ్లీ వేల ప్రోటీన్ దారాలు పక్కపక్కనే సర్దుకుని ఉంటాయి. ఆ దారాల మధ్య ఇరుకు సందుల్లో నీరు ఇరుక్కుని ఉంటుంది. సందు వెడల్పుగా ఉన్నంతసేపు నీరు ఉంటుంది, సందు మూసుకుంటే బయటికి పోతుంది.

వేడి తగిలితే ప్రోటీన్ దారాలు ముడుచుకుంటాయి. అన్నీ ఒకేసారి ముడుచుకోవు. 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుండగా మయోసిన్ అనే దారం ముందు గట్టిపడుతుంది. అప్పటిదాకా మెత్తగా జారే పచ్చి మాంసం కొరికితే తెగే మాంసంగా మారేది ఇక్కడే. 60 దాటాక నారల చుట్టూ తొడుగులా ఉండే కొల్లాజెన్ పొర కుంచించుకుంటూ లోపలి కట్టను నొక్కుతుంది. 66 నుంచి 73 మధ్య ఆక్టిన్ అనే రెండో దారం కూడా ముడుచుకుంటుంది. 80 డిగ్రీలు వచ్చేసరికి ముక్క తన బరువులో సుమారు మూడో వంతు రసాన్ని పోగొట్టుకుని ఉంటుంది. కూర తెర్లేది 100 దగ్గర, కుక్కర్ లోపల 120 దాకా.

పిడికిట్లో తడిబట్టను బిగించి పిండి, ఆ పిడికిలి తెరవకుండా బకెట్లో ముంచినట్టు ఊహించుకోండి. బట్ట చుట్టూ నీళ్లే, కానీ బట్టలోకి చుక్క పోదు. ఉడికిన నార పరిస్థితి ఇదే. వేడికి ముడుచుకున్న ప్రోటీన్ చల్లారినా, పులుసులో నానినా తిరిగి తెరుచుకోదు. పులుసు ముక్క పైన ఉంటుంది, ముక్కలో ఉండదు. పైగా ఆ పులుసు రుచిలో సగం ఆ ముక్క పిండుకుని వదిలిందే.

మరి అదే గిన్నెలో మెత్తబడ్డ రెండో ముక్క సంగతేమిటి? దాన్ని కూడా ఆ పిడికిలే పిండింది. నిజానికి అందులోనూ నారలు ఎండిపోయే ఉంటాయి. కానీ అది జబ్బ ముక్కో, తోలున్న ముక్కో అయి ఉంటుంది. జంతువు రోజంతా నడిచే, బరువు మోసే కండల్లో కొల్లాజెన్ ఎక్కువ. 70 డిగ్రీలకు పైన చాలాసేపు ఉంచితే, 80, 90 దాటితే ఇంకా తొందరగా, ఆ గట్టి కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. పొద్దున వండిన పంది కూర రాత్రికి ఫ్రిజ్‌లో గడ్డకట్టి కదిలేది దాని వల్లే. ఎండిన నారల మధ్యకు ఆ జెలటిన్ చేరి జారుడునిస్తుంది. నోటికి రసం ఉన్నట్టే అనిపిస్తుంది.

వెన్నుపక్క కండ పెద్దగా పనిచేసేది కాదు. దానిలో కొల్లాజెన్ తక్కువ. గంటసేపు ఉడికించినా కరిగి ఆదుకోవడానికి అక్కడ సరుకు లేదు. పిండడం మాత్రం పూర్తిగా జరుగుతుంది. అందుకే జబ్బ ముక్కకు ఓపిక కావాలి, వెన్ను ముక్కకు తొందర కావాలి. రెంటినీ ఒకే కుక్కర్లో వేస్తే ఒకటి నెగ్గుతుంది, ఒకటి ఓడుతుంది.

పెట్టెలో: పెనం నుంచి కుక్కర్ దాకా

50 నుంచి 55 డిగ్రీలు: ముక్క పచ్చిదనం పోతూ గట్టిపడడం మొదలు.
60 నుంచి 65: నారల మీది పొర బిగుసుకుంటుంది, రసం బయటికి రావడం మొదలు.
66 నుంచి 73: రెండో విడత ముడుచుకోవడం. వెన్ను ముక్క తినదగ్గ హద్దు ఇక్కడే.
80 ఆపైన: వెన్ను ముక్కకు నష్టం, జబ్బ ముక్కకు లాభం.
100: కూర తెర్లే వేడి. నీరున్నంతసేపు ఇంతకు మించి పెరగదు.
సుమారు 120: కుక్కర్ లోపల.
140 ఆపైన: పెనం మీద ముక్క ఎర్రగా వేగి, వాసన పుట్టే వేడి.

పురుగు భయం ఎంతవరకు?

వెన్ను ముక్కను 65, 70 డిగ్రీల దగ్గర దించేయమంటే మన ఇళ్లలో ముందు వచ్చే అభ్యంతరం రుచి గురించి కాదు, పురుగు గురించి. ఆ భయం ఉత్తది కాదు. కానీ కొంచెం తప్పు చోట ఉంది.

మన దగ్గర పంది మాంసంతో ముడిపడ్డ అసలు సమస్య టేనియా సోలియం అనే బద్దె పురుగు. దాని జీవితం రెండు ఒళ్లలో నడుస్తుంది. పెద్ద పురుగు మనిషి పేగులో ఉంటుంది. దాని గుడ్లు మలంతో బయటపడతాయి. ఆరుబయట తిరిగే పంది ఆ మలాన్ని తింటే, గుడ్లు దాని కండల్లోకి చేరి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు సైజు తెల్లటి తిత్తులవుతాయి. ఆ తిత్తులున్న మాంసాన్ని సరిగా ఉడకకుండా తిన్న మనిషి పేగులో మళ్లీ పెద్ద పురుగు పెరుగుతుంది.

మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెచ్చే జబ్బు మాత్రం మాంసం తింటే నేరుగా రాదు. మనిషి మలంలోని గుడ్లు మరో మనిషి నోట్లోకి పోతే వస్తుంది. కడగని చేతుల ద్వారా, మురుగు పారిన మడిలో పెరిగి పచ్చిగా తినే ఆకుకూరల ద్వారా, కలుషితమైన నీళ్ల ద్వారా. జన్మలో మాంసం ముట్టనివాళ్లకూ ఆ జబ్బు వస్తున్నది అందుకే. ఈ పురుగు బెడద ఉన్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో 30 శాతం మందికి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి పందిని నిందించే ముందు మరుగుదొడ్డి గురించి మాట్లాడుకోవడం న్యాయం.

ఇక వేడి సంగతి. ఈ తిత్తులు 60, 65 డిగ్రీలకు చచ్చిపోతాయి. చలికీ చస్తాయి. సున్నాకు 5 డిగ్రీలు కింద 4 రోజులు, 15 డిగ్రీలు కింద 3 రోజులు, 24 డిగ్రీలు కింద ఒక రోజు ఉంచితే చాలు. ఇంటి ఫ్రిజ్ పై అర సరిగా పనిచేస్తున్నదైతే సాధారణంగా సున్నాకు 15, 18 డిగ్రీలు కిందే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ 2011 మే నెలలో పంది చాప్స్ వంటి నిండు ముక్కలకు సురక్షిత ఉష్ణోగ్రతను 71 నుంచి 63 డిగ్రీలకు తగ్గించింది. దించాక మూడు నిమిషాలు ఆగాలని కూడా చెప్పింది. కైమాకు మాత్రం 71 అలాగే ఉంచింది, ఎందుకంటే కైమా కొట్టినప్పుడు పైన ఉన్న సూక్ష్మజీవులు లోపలికి కలిసిపోతాయి.

ఆ 63 మనకు వద్దనే నా అభిప్రాయం. అది కొట్టంలో కట్టి మేపిన, పశువైద్యుడు చూసి ముద్ర వేసిన పందికి వేసిన లెక్క. మన దగ్గర కొట్టుకొచ్చే ప్రతి పందీ ఎక్కడ తిరిగిందో, ఏం తిన్నదో చెప్పేవాళ్లు లేరు. మధ్యలో 71 చూశాకే తినాలి. అయినా నష్టం లేదు. 71 దగ్గర ఆగిన ముక్కకూ 95 దాకా పోయిన ముక్కకూ నోట్లో ఉండే తేడా చాలా పెద్దది. గులాబీ రంగు పోయిందా లేదా అని చూసి తేల్చుకోవడం మాత్రం నమ్మదగ్గ పద్ధతి కాదు. లేత జంతువులో బొక్క పక్క కండ పూర్తిగా ఉడికాక కూడా ఎర్రగానే కనిపించవచ్చు. ముక్క మధ్యలోకి గుచ్చి చూసే థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. సీటీల లెక్క కంటే అది వెయ్యి రెట్లు నయం. సీటీ అనేది ఆవిరి ఎక్కువైందని కుక్కర్ చెప్పే మాట. మంట పెద్దదైతే గబగబా వస్తుంది, చిన్నదైతే అసలే రాదు. దాంతో ఉడుకును కొలవడం మనం అలవాటు చేసుకున్న విచిత్రాల్లో ఒకటి.

లోపలికి పోయేది ఉప్పొక్కటే

71 దాకా పోవాలి, రసమూ ఉండాలి. దీనికి దారి మన వంటింట్లోనే ఉంది. మాంసం వండేవాళ్లంతా "మసాలా ముక్కకు పట్టాలి" అంటారు. నిజానికి పసుపు, కారం, ధనియాల పొడి, గరం మసాలా, ఎల్లిగడ్డ ఏవీ ముక్క లోపలికి పెద్దగా పోవు. రాత్రంతా నానబెట్టినా పైపై కొన్ని మిల్లీమీటర్లే. కూర ముక్క చిన్నది కాబట్టి ఎటు కొరికినా పైభాగమే ఎక్కువ తగులుతుంది, మసాలా పట్టినట్టు అనిపిస్తుంది. రెండు వేళ్ల మందం ఉన్న చాప్ మధ్యలో మసాలా ఉండదు. చప్పగా ఉందని మనవాళ్లు పెదవి విరిచేది అందుకే.

ఉప్పు వేరు. దాని కణాలు చాలా చిన్నవి, నీళ్లలో కరిగి మెల్లగా లోపలి దాకా పోతాయి. పోయి ఊరుకోవు. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని బడిలో చదువుకున్నాం కదా. ఉప్పులోని క్లోరైడ్ ప్రోటీన్ దారాలకు అంటుకుని వాటన్నిటికీ ఒకే రకం ఆవేశాన్ని ఇస్తుంది. దాంతో దారాలు ఒకదాన్నొకటి నెట్టుకుని సందు వెడల్పు చేసుకుంటాయి. కొంత మయోసిన్ కరిగి జిగురులా మారుతుంది. తర్వాత వేడి తగిలినప్పుడు ఆ జిగురు గడ్డకట్టి నీటిని పట్టుకుంటుంది. ముడుచుకోవడం ఆగదు గానీ పిండే బలం తగ్గుతుంది.

కొలత ఎక్కువేం కాదు. అరకిలో చాప్స్‌కు ఏడెనిమిది గ్రాములు, అంటే సుమారు టీస్పూనున్నర మెత్తటి ఉప్పు. రాత్రి రెండువైపులా రాసి ఫ్రిజ్ కింది అరలో పెట్టేయాలి. తెల్లారి కూరలో మళ్లీ ఉప్పు వేసేటప్పుడు ఇది గుర్తుండాలి. రాయగానే కొంత నీరు ఊరుతుంది, చూసి కంగారు పడక్కర్లేదు, గంటల్లో ఆ నీరు ఉప్పును వెంటేసుకుని మళ్లీ లోపలికి పోతుంది.

పెరుగు సంగతి కాస్త చిక్కుగా ఉంటుంది. కొంచెం పులుపు తగిలితే మాంసం నీటిని పట్టుకునే శక్తి ఇంకా తగ్గుతుంది. ఎందుకంటే ఆ దశలో దారాల మీద ఆవేశాలు చెల్లుకు చెల్లయి అవి దగ్గరికి జరుగుతాయి. పులుపు బాగా ఎక్కువైతే మళ్లీ విడివడతాయి. రెండు చెంచాల పెరుగుతో మధ్యస్తంగా ఆగితే లాభం కంటే నష్టమే ఎక్కువ. తినే సోడా దీనికి అవతలి గట్టు. చిటికెడు సోడా పులుపును విరిచి దారాలను దూరం జరుపుతుంది. చైనా వంటవాళ్లు సన్నగా కోసిన మాంసానికి చేసేది ఇదే. పావుకిలో సన్న ముక్కలకు పావు టీస్పూను, పావుగంట, ఆపైన కడిగేయాలి. ఎక్కువైతే సబ్బు రుచి. పచ్చి బొప్పాయి ముద్ద వెన్ను ముక్కకు అవసరమే లేదు. దానిలోని ఎంజైమ్ పైపొరను గుజ్జు చేసి, లోపల ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. ముదురు మేక తొడకు అది వేరే కథ.

పొద్దున కోత, మధ్యాహ్నం కూర

మన దగ్గర తాజా మాంసం అంటే కళ్ల ముందు కోసిన మాంసం. వేడి తగ్గకముందే పొయ్యి మీదికి ఎక్కాలి. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో గానీ, ఊళ్లో ముత్యాలమ్మ పండగనాడు గానీ కోసిన గంటా రెండు గంటలకే కూర తెర్లుతుంది. దేవుడి కూర రుచి మీద నేను మాట్లాడను. మెత్తదనం లెక్కలో మాత్రం ఇది అననుకూలమైన సమయం.

ప్రాణం పోయాక కూడా కండలో కొంతసేపు రసాయనిక చర్యలు నడుస్తాయి. నిల్వ శక్తి అయిపోగానే ప్రోటీన్ దారాలు ఒకదానికొకటి కొక్కెం పడి బిగుసుకుంటాయి. శవం కొయ్యబారడం అంటామే, అదే. పందిలో ఇది కొద్ది గంటల్లోనే వచ్చేస్తుంది. ఆ బిగింపులో ఉన్న మాంసాన్ని వండితే ముక్క రబ్బరే. తర్వాత కండలోనే ఉన్న ఎంజైములు ఆ దారాలను అక్కడక్కడా కొరికి వదులు చేస్తాయి. పంది మాంసంలో ఈ పని చాలావరకు నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. జబ్బ కూరకు ఇదంతా పెద్దగా లెక్కలోకి రాదు, రెండు గంటల ఉడుకు అన్నిటినీ సరిచేస్తుంది. తక్కువ వేడి మీద తక్కువసేపు వండే చాప్‌కు మాత్రం ఇదే ప్రాణం.

అందుకని ఆదివారం తినాలంటే శుక్రవారం, కనీసం శనివారం పొద్దున తెచ్చుకోవడం మంచిది. తెచ్చిన వెంటనే ఫ్రీజర్లో పడేయకూడదు. బిగుసుకోకముందే గడ్డకట్టిన మాంసం కరిగేటప్పుడు ఒక్కసారిగా ముడుచుకుని రసమంతా వదిలేస్తుంది. కింది అరలో ఒక రోజు ఉంచి, పురుగు భయంతో గడ్డకట్టించాలనుకుంటే ఆ తర్వాత పై అరకు ఎక్కించాలి. చల్లబరిచి ఊరనిచ్చిన మాంసమే మంచిదని మాంస శాస్త్రం తేల్చి దశాబ్దాలైంది. ఆ శాస్త్రం మీద పనిచేసే జాతీయ సంస్థ మనకు మూడు గంటల దూరంలో, హైదరాబాద్ శివారు చెంగిచెర్లలోనే ఉంది. అయినా "ఫ్రిజ్‌లో పెట్టిన మాంసమా?" అని మొహం చిట్లించడం మనం మానలేదు.

పందికి ఇంకో ఇబ్బంది ఉంది. అది మనిషిలా చెమట పట్టి చల్లబడలేదు. మే నెల ఎండలో ఆటోలో కుక్కి తెచ్చి, బెదరగొట్టి కోస్తే దాని కండలో ఆమ్లం చాలా వేగంగా పుడుతుంది. ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే ఆమ్లం పెరిగితే ప్రోటీన్లు పచ్చిలోనే సగం ఉడికినట్టు చెడిపోతాయి. ఆ మాంసం పాలిపోయి, మెత్తగా, నీళ్లు కారుతూ ఉంటుంది. దాన్ని ఏ ఉప్పూ కాపాడలేదు. కొన్ని విదేశీ జాతుల్లో ఇలా జరగడానికి ఒక జన్యులోపం కారణమని 1991లో కెనడా శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కొట్టులో కవరు అడుగున ఎర్రటి నీరు చేరి, ముక్క తెల్లబోయి ఉంటే ఆ రోజుకు చాప్ ఆలోచన మానుకుని కూరకు తీసుకోవడమే మేలు.

పెనం మీద పన్నెండు నిమిషాలు

కొట్టు దగ్గర అడగాల్సింది ఇలా: "అన్నా, వీపు పక్కది, బొక్కతోటే, రెండేళ్ల మందం. ముక్కలు కొట్టకు." మందం ఎందుకంటే వేడి లోపలికి పోయే సమయం మందంతో పాటు మామూలుగా పెరగదు. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది. సెంటీమీటరు మందం ఉన్న బిళ్ల పైన ఎర్రబడేలోపే మధ్యలో 80 దాటేస్తుంది. మూడు సెంటీమీటర్లదైతే పైన ఎర్రగా వేగడానికి తీరిక దొరుకుతుంది.

రాత్రి ఉప్పు రాసిన చాప్‌ను వండే ముందు బట్టతో బాగా తుడవాలి. ఈ పని మనకు అలవాటు లేనిది. వేపుడు వాసన, ఆ ఎరుపు, 1912లో లూయీ కమీల్ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య వల్ల వస్తాయి. ప్రోటీన్ల ముక్కలూ చక్కెరలూ 140 డిగ్రీలు దాటాక వేగంగా కలిసి వందల కొత్త వాసనలు పుట్టిస్తాయి. పైన తడి ఉన్నంతసేపు ఆ చోటు 100 దాటదు. అల్లం ఎల్లిగడ్డ ముద్ద పూసిన చాప్ పెనం మీద వేగదు, ఉడుకుతుంది. ముద్ద మాత్రం మాడుతుంది.

కొవ్వు అంచును నాలుగైదు చోట్ల చీరాలి, లేకపోతే ఆ అంచున ఉండే పొర కండకంటే ముందు ముడుచుకుని బిళ్ల గిన్నెలా వంగిపోతుంది, మధ్యభాగం పెనానికి తగలదు. మందపాటి ఇనుప పెనమే మేలు, అది వేడిని దాచుకుంటుంది. దోసెల పెనం మీద పంది ముక్క వేస్తే కొన్ని ఇళ్లలో యుద్ధమే, కాబట్టి వేరే పెనం కొనుక్కోవడం కాపురానికి మంచిది. నూనె వేడెక్కాక చాప్ వేసి, మధ్యస్తమైన మంట మీద నిమిషానికోసారి తిప్పుతుండాలి. ఒకవైపు పూర్తిగా వేగాకే తిప్పాలనే మాట పాతది. మాటిమాటికీ తిప్పితే పైభాగం మరీ వేడెక్కకుండా వేడి రెండువైపుల నుంచీ సమంగా లోపలికి పోతుంది, మొత్తం సమయం కూడా తగ్గుతుంది. పది పన్నెండు నిమిషాల్లో మధ్యన 67, 68 చూపిస్తుంది. అప్పుడు దించి పళ్లెంలో పెట్టాలి. పైపొరల్లో ఉన్న వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది. ఐదు నిమిషాల్లో మధ్యభాగం 71కి చేరుతుంది. చేరకపోతే మళ్లీ ఒక నిమిషం పెనం మీదికే.

ఈ ఐదు నిమిషాల్లో అదే పెనంలో దంచిన మిరియాలు, ఎల్లిపాయ రేకలు, కరివేపాకు, పచ్చిమిర్చి వేసి, అడుగున అంటిన ఎర్రటి పెచ్చును కొంచెం నీళ్లతో గీకి కలిపితే మసాలా తయారు. చాప్‌ను నారకు అడ్డంగా వేలెడు ముక్కలుగా కోసి ఆ మసాలాలో పొర్లించాలి. ముందు వండి తర్వాత కోస్తే, ప్రతి ముక్కకూ మసాలా తగిలే కొత్త అంచులు రెండు దొరుకుతాయి. చప్పదనం ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. ఒక చాప్ ఇద్దరు పిల్లలకు సరిపోతుంది కూడా.

పులుసు మానక్కర్లేదు

బగారా అన్నంలోకి గానీ జొన్నరొట్టెలోకి గానీ వేపుడు ముక్క ఒక్కటే చాలదనేవాళ్లే ఎక్కువ. పులుసు విడిగా కాస్తే సరి. గోంగూరో, చింతపండో, ఉల్లిగడ్డ మసాలానో, దేనిలోనైనా తోలు ముక్కలూ, బొక్కలూ, ఒకటి రెండు జబ్బ ముక్కలూ వేసి సన్న సెగ మీద రెండు గంటలు, లేదా కుక్కర్లో మొదటి సీటీ తర్వాత మంట తగ్గించి అరగంట. గోంగూర పులుపు కొల్లాజెన్ కరగడానికి సాయపడుతుంది, ఇక్కడ పులుపు మన పక్షమే. చిక్కటి పులుసు తయారయ్యాక, వడ్డించే ముందు, పెనం మీంచి దించిన చాప్ ముక్కల్ని అందులో వేసి మూత పెట్టి పొయ్యి ఆపేయాలి. ఉడికించకూడదు. ఉడికిస్తే మళ్లీ మొదటికే.

తవుడు తిన్న పంది

చివరిగా మిర్యాలగూడ సంగతి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు ఈ చుట్టుపక్కల మిల్లుల్లో బియ్యమవుతాయి. బియ్యంతో పాటు తవుడు వస్తుంది. పందులకు తవుడు పాత మేతే. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా పెంచిన నల్ల నాటు పందికీ, ఇప్పుడు కొట్టాల్లో పెంచుతున్న తెల్ల సీమ పందికీ అది పడుతుంది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం నాటు పందినీ సీమ పందినీ కలిపి టి-17 అనే రకాన్ని తయారు చేసింది. అందులో సీమ రక్తం ముప్పావు, నాటు రక్తం పావు. సీమ రక్తం పెరిగేకొద్దీ పంది తొందరగా ఎదుగుతుంది, వీపు మాంసం పెద్దదవుతుంది, దాంతో పాటే కొవ్వు తగ్గి ముక్క త్వరగా ఎండే గుణమూ వస్తుంది. అమెరికా పంది పరిశ్రమ 1987లో పంది మాంసాన్ని కోడి మాంసం సరసన తెల్ల మాంసంగా ప్రచారం చేసినప్పుడు, కొవ్వు తక్కువని గొప్పగా చెప్పుకుంది. పొడిబారిన చాప్స్ గురించి అక్కడి ఇళ్లలో గొణుగుడు ఆ తర్వాత ఎక్కువైందంటే ఆశ్చర్యం లేదు.

తవుడులో సుమారు 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. మేక, పశువుల కడుపులో సూక్ష్మజీవులు మేతలోని నూనెను గట్టి కొవ్వుగా మార్చేస్తాయి. మటన్ కూర చల్లారితే అంగిలికి కొవ్వు అంటుకునేది అందుకే. పందికి అలాంటి కడుపు లేదు. తిన్న నూనె స్వభావం దాదాపు అలాగే దాని కొవ్వులో కనిపిస్తుంది. తవుడు ఎక్కువ తిన్న పంది కొవ్వు మెత్తగా, జారుగా ఉంటుంది, పెనం మీద ముందే కరిగి పారిపోతుంది. పచ్చిబియ్యం తవుడైతే నిల్వలో దాని ఎంజైమే నూనెను విరిచి ముక్కిపోయిన వాసన తెస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడుకు ఆ బాధ తక్కువ, వడ్లను ఆవిరి పట్టినప్పుడే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కోతకు ముందు కొన్ని వారాలు తవుడు తగ్గించి మొక్కజొన్న, గటక వంటివి పెంచినా, నూనె తీసేసిన తవుడు వాడినా కొవ్వు గట్టిపడుతుంది. చాప్స్ కోసం పందిని పెంచే రైతు ఈ లెక్క చూసుకోవాలి. కొనేవాళ్లు కొట్టులో ఫ్రిజ్ లోంచి తీసిన ముక్క కొవ్వు అంచును బొటనవేలితో నొక్కి చూస్తే చాలు. గట్టిగా తెల్లగా ఉంటే పెనానికి, వేలు దిగిపోతే పులుసుకు.